ఆ తేన్పు సోడాది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 44 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నాలుగేళ్లుగా గ్యాస్ ట్రబుల్‌తో అవస్థ పడుతున్నాను. రొమ్ము మధ్యలో మంట, గొంతులోకి పుల్లగా ఎగదన్నడం, పడుకుంటే ఇంకా ఎక్కువ. కడుపు ఉబ్బరంగా ఉంటుంది. పొద్దున్నే రెండు టీలు తాగి పనిలో కూర్చుంటే టిఫిన్ తినేసరికి పదకొండు అవుతుంది. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన పాంటోప్రజోల్ 40 మాత్ర టిఫిన్ తిన్నాక రోజూ వేసుకుంటాను. రెండు రోజులు మానేస్తే మంట రెట్టింపు అవుతుంది. మోకాళ్ల నొప్పులకి కూడా అదే షాపులో ఇచ్చే మాత్రలు వారానికి నాలుగైదు వేసుకుంటాను. ఈ మధ్య అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి. పప్పు, వంకాయ, దుంపలు అన్నీ మానేశాను. నీసు, గుడ్డు ముందు నుంచీ తినను. మా అత్తగారు మాత్రలన్నీ అవతల పారేసి వాము నీళ్లు తాగమంటారు. ఎవరి మాట వినాలి? మా ఆయనకి (51 ఏళ్లు, షుగర్ ఉంది, బీడీలు తాగుతారు) కూడా నెల రోజులుగా గ్యాసే. సైకిల్ మీద పొలానికి వెళ్తూ కాలువ వంతెన ఎక్కేటప్పుడు రొమ్ములో పట్టేసినట్టు ఉంటుందట. దిగి కొట్టు దగ్గర కూర్చుని గోళీసోడా తాగితే పెద్ద తేన్పు వచ్చి తగ్గిపోతుందట. ఇద్దరికీ పనికొచ్చే మంచి గ్యాస్ మాత్ర ఏదైనా చెప్పండి.

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలకి ముందు జవాబు చెబుతాను. మీ సంగతి వారం ఆగినా ఫర్వాలేదు. మీ ఆయన సంగతి ఆగదు.

రేపు పొద్దున్నే ఆయన్ని తెనాలి ప్రభుత్వ ఆసుపత్రికో, ఈసీజీ తీసే మరో ఆసుపత్రికో తీసుకెళ్లండి. సైకిల్ మీద కాదు, ఆటోలో. అప్పటిదాకా పొలం వద్దు, వంతెన ఎక్కడం వద్దు, బస్తాలు ఎత్తడం అసలే వద్దు. ఈలోపు ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నప్పుడు పట్టేసినట్టు అనిపిస్తే మాత్రం రేపటి దాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి.

ఎందుకింత తొందర పెడుతున్నానో చెబుతాను. గ్యాస్‌కి వంతెన ఎక్కుతున్నామో దిగుతున్నామో తెలియదు. అన్నం తిన్నాక వస్తుంది, పడుకుంటే వస్తుంది, వంగితే వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వచ్చి, ఆగగానే తగ్గే నొప్పి గుండె నొప్పికి ఉండే లక్షణం. గుండెకి రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడితే, మామూలుగా నడిచేటప్పుడు సరిపోయే రక్తం సైకిల్ తొక్కి వంతెన ఎక్కేటప్పుడు సరిపోదు. గుండె కండరం ఆకలితో అరుస్తుంది. దిగి కూర్చోగానే దాని అవసరం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. దీన్నే యాంజైనా అంటాం.

మరి సోడా తాగితే తేన్పు వచ్చి తగ్గిపోతోంది కదా అంటారా? అసలు మోసం అక్కడే ఉంది. గోళీసోడాలో ఉన్నదే గ్యాస్. కడుపులోకి వెళ్లిన ఆ గ్యాసే బయటికొస్తుంది. సోడా తాగితే మీకైనా నాకైనా తేన్పు వస్తుంది. ఆ తేన్పు సోడాది, మీ ఆయనది కాదు. ఆయనకి నొప్పి తగ్గించింది సోడా కాదు, సోడా తాగుతూ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చున్న ఐదు నిమిషాలు. ఆ బల్ల మీద ఊరికే కూర్చున్నా నొప్పి తగ్గేది. కానీ మనిషికి తేన్పు వినబడుతుంది, విశ్రాంతి వినబడదు. అందుకని 'చూశావా, గ్యాసే' అనుకుంటాడు.

షుగర్ ఉందని రాశారు. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే నరాలు మొద్దుబారతాయి. గుండెకి ప్రమాదం వచ్చినా సినిమాల్లో చూపించినట్టు గుండె పట్టుకుని పడిపోయేంత నొప్పి ఉండకపోవచ్చు. కొంచెం బరువుగా ఉండటం, ఆయాసం, చెమటలు, వికారం, అంతే. పైగా బీడీ. 51 ఏళ్ల మగమనిషి, షుగర్, బీడీ, ఎత్తు ఎక్కితే రొమ్ములో పట్టేయడం: ఈ నాలుగూ ఒక్క మనిషిలో ఉంటే నాకు గ్యాస్ అన్న మాట గుర్తుకే రాదు.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక రాత్రి నలభై దాటిన రైతు ఒకాయన వచ్చాడు. పొట్ట పై భాగంలో మంట, రెండు వాంతులు, ఒళ్లంతా చల్లటి చెమట. సాయంత్రం పెళ్లిలో గట్టిగా తిన్నానని ఆయనే చెప్పాడు. రోగి చెప్పిన జబ్బుకే నేనూ మందిచ్చాను. అసిడిటీ ఇంజెక్షన్ చేసి, సిరప్ తాగించి పంపాను. కొంచెం తేలిగ్గా ఉందన్నాడు కూడా. తెల్లవారుజామున మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి ఈసీజీ తీస్తే గుండె కింది గోడకి పోటు. కింది గోడకి వచ్చే పోటు చాలాసార్లు పొట్ట నొప్పిలాగే, వాంతుల్లాగే ఉంటుంది. ఆ చల్లటి చెమట చూసైనా నేను అనుమానించాల్సింది. ఆయన బతికాడు. కానీ గుండె బలం సగానికి పడిపోయి మళ్లీ పార పట్టలేకపోయాడు. ఆ తర్వాత నలభై దాటినవాళ్లెవరు గ్యాస్ అంటూ వచ్చినా ఈసీజీ తీయకుండా పంపలేదు. కొందరు 'డబ్బుల కోసం తీస్తున్నాడు' అనుకున్నారు. అనుకోనీ.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ మామూలుగా రావచ్చు. 'ఈసీజీ బాగానే ఉంది, నేను చెప్పలేదా గ్యాసేనని' అంటూ మీ ఆయన ఇంటికి బయల్దేరతారు. బయల్దేరనివ్వకండి. వంతెన సంగతి డాక్టరుకి మీరే చెప్పండి. గ్యాస్ అన్న మాట వాడకుండా చెప్పండి: 'సైకిల్ మీద ఎత్తు ఎక్కితే రొమ్ములో పట్టేస్తుంది, దిగి కూర్చుంటే తగ్గుతుంది, నెల రోజులుగా ఉంది, షుగర్ ఉంది.' ఈ ఒక్క వాక్యం చాలు, ఏ డాక్టరైనా కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. ఆ తర్వాత గుండె రక్తపరీక్ష, ఎకో (గుండెకి చేసే స్కానింగ్), అవసరమైతే ట్రెడ్‌మిల్ మీద నడిపించి తీసే ఈసీజీ లేదా గుండెనాళాల్లోకి మందు పంపి ఎక్స్‌రేలో చూసే యాంజియోగ్రామ్ ఆయన చూసుకుంటారు. పరీక్షలో నాళం బాగా మూసుకుపోయిందని తేలితే, దాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేయాల్సి రావచ్చు. ఖర్చు గురించి భయపడి ఆగకండి. ఆరోగ్యశ్రీలో గుండె చికిత్సలు ఉన్నాయి. మన దగ్గర దాని పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. రేషన్ కార్డు, ఆధార్ సంచిలో పెట్టుకోండి. గుంటూరు పెద్దాసుపత్రిలో గుండె విభాగమూ ఉంది.

ఇంట్లో ఒక మాత్ర ఉంచుకోండి: ఆస్పిరిన్ 325. రొమ్ములో బరువు ఐదు నిమిషాలు కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి దవడలోకో ఎడమ చేతిలోకో పాకినా ముందు 108కి చేయండి. బండి వచ్చేలోపు ఆ మాత్ర నమిలి మింగించండి. నీళ్లతో గుటుక్కున మింగితే పని ఆలస్యంగా మొదలవుతుంది, అందుకే నమలాలి. ఆస్పిరిన్ పడదని ముందే తెలిసినవాళ్లకీ, రక్తపు వాంతులో నల్ల విరేచనాలో అవుతున్నవాళ్లకీ ఇవ్వకూడదు. స్కూటర్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లడం వద్దు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 ఇప్పుడు పల్లెలకీ వస్తోంది కదా. అందులో పడుకోబెట్టే మంచం ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది, శిక్షణ ఉన్న మనిషి ఉంటాడు. గుండెనాళంలో గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఎంత ముందు పడితే అంత కండరం మిగులుతుంది. అక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క.

ఆయన్ని చూపించి వచ్చాక ఈ ఉత్తరం మళ్లీ తీయండి. ఇక మీ సంగతి.

మన తెలుగులో గ్యాస్ అన్న మాట గోనెసంచి లాంటిది. రొమ్ములో మంటా అందులోకే, పొట్ట ఉబ్బరమూ అందులోకే, తేన్పులూ, నడుం పట్టేయడం, తలనొప్పి, చివరికి గుండెపోటు కూడా అందులోకే. 'తలకి గ్యాస్ కొట్టింది' అనేవాళ్లని నేను రోజూ చూస్తాను. పొట్టలో గ్యాస్ తలలోకి వెళ్లే దారి ఏదీ లేదు. మీరు మీ ఉత్తరంలో గ్యాస్ అని ఒక్కటే రాశారు గానీ నాకు మీ ఒక్కరిలోనే వేరువేరు సంగతులు కనబడుతున్నాయి.

మొదటిది ఎగదన్నడం. అన్నవాహికకీ కడుపుకీ మధ్య ఒక కండరపు రింగు ఉంటుంది, తలుపు లాంటిది. అది వదులైతే కడుపులో ఆమ్లం పైకి ఎక్కుతుంది. అదే మీ మంట, మీ పులుపు. ఈ తలుపు మీద కింది నుంచి ఒత్తిడి పెరిగే పనులు ఒకటి రెండు మీరు రోజూ చేస్తున్నారు, మీకు తెలియకుండా. మధ్యాహ్నం అన్నం తిని వెంటనే మిషన్ ముందు వంగి కూర్చుంటారు కదా? నిండు కడుపుని రెండు గంటల సేపు మడతపెట్టి ఉంచినట్టే. అన్నం తిన్నాక గంట సేపు నిలబడి చేసే పనులు పెట్టుకోండి: బట్ట కత్తిరించడం, ఇస్త్రీ, కొలతలు తీసుకోవడం. కూర్చుని కుట్టేది ఆ తర్వాత.

ఇలా ఒత్తిడి పెంచే రెండో పని లంగా బొందు బిగించడం. నవ్వకండి. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ల నడుం మీద బొందు అచ్చు చూస్తే నాకు సగం జబ్బు అర్థమవుతుంది. అంత బిగించి కడితే కడుపులో ఉన్నది పైకి కాక ఎక్కడికి పోతుంది? మీరు కుట్టుపని చేసేవారు, మీ లంగాలకి మీరే వెడల్పు పట్టీ వేసుకోవచ్చు. బొందు రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టండి.

రాత్రి అన్నానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. తొమ్మిదిన్నరకి తిని పదింటికి వాలిపోతే ఏ మాత్రా పూర్తిగా పని చేయదు. మంచానికి తలవైపు కోళ్ల కింద ఒక్కో దాని కింద రెండేసి ఇటుకలు పెట్టండి, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు వస్తుంది. తల కింద రెండు దిండ్లు పెట్టుకోవడం వేరు. దాంతో మెడ మాత్రమే లేస్తుంది, పొట్ట మడత పడి ఇంకా ఎగదన్నుతుంది. మంచం మొత్తం వాలుగా ఉండాలి. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే కూడా మంట తగ్గుతుంది, మన కడుపు ఆకారమే అలాంటిది. ఈ ఇటుకల పని నేను చెబితే చాలామంది తలూపి వెళ్లిపోతారు, ఎవరూ చేయరు. చేసినవాళ్లు మాత్రం నెల తర్వాత వచ్చి మాత్ర మానేశామని చెబుతారు.

ఇప్పుడు ఆ మాత్ర. పాంటోప్రజోల్ మంచి మందే. మీరు వేసుకునే వేళే తప్పు. కడుపు గోడలో ఆమ్లాన్ని తోడిపోసే పంపులు ఉంటాయి. ఆహారం పడగానే అవి పని మొదలుపెడతాయి. ఈ మందు పని చేస్తున్న పంపునే పట్టుకుని ఆపగలదు, రక్తంలో అది ఉండేది కొద్ది గంటలే. మీ ఆయనకి చెబితే ఇట్టే అర్థమవుతుంది: కరెంటు వచ్చే వేళకి మోటారు దగ్గర మనిషి ఉండాలి, వచ్చి పోయాక వెళ్తే ఏం లాభం? టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు, ఖాళీ కడుపున వేసుకోవాలి. నమలకూడదు, విరవకూడదు. మీరు నాలుగేళ్లుగా తిన్నాక వేసుకుంటున్నారు. అంటే నాలుగేళ్ల మాత్రలు మింగి సగం ఫలితమే పొందారు.

రెండు రోజులు ఆపితే మంట రెట్టింపు అవుతుందని రాశారు. దాంతో జబ్బు ముదిరిందని మీరు భయపడి ఉంటారు. అది జబ్బు కాదు, మాత్ర వదిలినప్పుడు వచ్చే తిరుగుబాటు. ఇంతకాలం అణిగి ఉన్న పంపులు ఒక్కసారిగా ఎక్కువ తోడతాయి. రెండు మూడు వారాలు అలా ఉండి సర్దుకుంటుంది. అందుకే టక్కున మానేయకూడదు, మెల్లగా దిగాలి. ముందు ఒక నెలన్నర పాటు సరైన వేళకి వేసుకోండి, పైన చెప్పిన ఇటుకలు, బొందు అమలు చేయండి. ఆ తర్వాత డాక్టరుతో మాట్లాడి 40 నుంచి 20కి, తర్వాత రోజు విడిచి రోజు, అలా దిగండి. మధ్యలో ఎప్పుడైనా మంటగా ఉంటే అసిడిటీ సిరప్ రెండు చెంచాలు సరిపోతుంది. ఒక మాట, మీ ఆయనకి గుండె డాక్టరు రక్తం పలచబడే మందులతో పాటు ఇదే పాంటోప్రజోల్ రాస్తే, 'మా ఆవిడకి వద్దన్నారు' అని ఆయన ఆపేయకూడదు. ఆయనకి అది కడుపులో రక్తస్రావం కాకుండా కాపలా.

మీ స్ట్రిప్ మీద పాంటోప్రజోల్ పక్కన డోమ్‌పెరిడోన్ అని కూడా ఉందేమో చూడండి. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా చేతిలో పెట్టేది ఈ జంట మాత్రనే. వికారం ఉన్న నాలుగు రోజులకి ఫర్వాలేదు, ఏళ్ల తరబడి వేసుకునేది కాదు. గుండె లయ మీద ప్రభావం ఉంటుంది.

మోకాళ్ల మాత్ర పేరు మీరు రాయలేదు. ఇదే నాకు అన్నిటికన్నా చికాకు కలిగించింది, మీ మీద కాదు, మన అలవాటు మీద. వారానికి నాలుగైదు మింగుతున్న దాని పేరు తెలియదు. స్ట్రిప్ మీద డైక్లోఫెనాక్ అనో, అసిక్లోఫెనాక్ అనో, ఐబుప్రొఫెన్ అనో ఉంటే, మీ మంటకి సగం కారణం అదే కావచ్చు. కడుపు లోపలి గోడకి ఒక జిగురు పొర రక్షణగా ఉంటుంది. నొప్పి మాత్రలు నొప్పితో పాటు ఆ పొర తయారయ్యే ఏర్పాటునీ దెబ్బతీస్తాయి. అంటే మీరు ఒక చేత్తో నిప్పు పెట్టి ఇంకో చేత్తో నీళ్లు పోస్తున్నారు. రెండు మందులూ ఒకే షాపులో కొంటున్నారు, ఆ షాపుకి మాత్రం బాగుంది. నొప్పి మరీ ఎక్కువైన రోజు పారాసెటమాల్ 650 వేసుకోండి, రోజుకి మూడుకి మించకుండా. దానితో కడుపు మండదు. స్ట్రిప్ లేకుండా చిన్న కాగితం పొట్లంలోనో కవర్లోనో పోసి ఇచ్చిన మాత్రలైతే అసలు ముట్టుకోకండి. అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. మొదట్లో అద్భుతంగా పని చేసినట్టు ఉంటుంది, తర్వాత ఎముకలూ షుగరూ రెండూ చెడతాయి. ఏళ్లుగా అలాంటివి వేసుకుంటున్నట్టయితే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకి చూపించి ఆపండి.

మోకాళ్లకి మందు కన్నా తొడ కండరం బలం ముఖ్యం. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి పది అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కాలితో తొక్కే మిషన్ అయితే చిన్న మోటారు బిగించుకోండి. ఆ ఖర్చు మాత్రల ఖర్చులో కలిసిపోతుంది.

తిమ్మిర్ల దగ్గరికి వస్తే, మీరు దాన్ని ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నేను వదలను. మీరు నీసు తినరు, గుడ్డు తినరు. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. మీకు అది వచ్చే దారి పాలు, పెరుగు, మజ్జిగ మాత్రమే. ఆ వచ్చే కాస్త కూడా ఆహారం నుంచి విడిపడాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లాన్ని నాలుగేళ్లుగా మాత్రతో ఆపారు. అరికాళ్లు తిమ్మిర్లెక్కవా మరి? బి12 పరీక్ష చేయించండి, దానితో పాటు షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా. తక్కువ ఉందని తేలితే డాక్టరు ఇంజెక్షన్లో మాత్రలో ఇస్తారు. తొందరగా మొదలుపెడితే తిమ్మిర్లు తగ్గుతాయి, ఏళ్లు గడిస్తే నరం పూర్తిగా కోలుకోదు. 'బలానికి' అని షాపులో ఇచ్చే ఎర్ర మాత్ర ముందే వేసుకుంటే పరీక్షలో అంకె పెరిగి అసలు సంగతి దాగిపోతుంది, ముందు పరీక్ష, తర్వాతే మందు.

ఇంకో పరీక్ష కూడా అడగండి, హెలికోబాక్టర్ పైలోరీ. కడుపులో కాపురం పెట్టే బ్యాక్టీరియా ఇది, మన దేశంలో చాలామందిలో ఉంటుంది. అల్సర్లకి టెన్షన్, కారం కారణమని చాలాకాలం అనుకునేవాళ్లం. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బ్యాక్టీరియా సంగతి బయటపెట్టినప్పుడు తోటి డాక్టర్లే నమ్మలేదు. మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగి, కడుపుకి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మలంతో చేసే పరీక్షలోనో, గాలి ఊది చేసే పరీక్షలోనో తెలుస్తుంది. ఉంటే రెండు వారాల మందులతో పోతుంది. పాంటోప్రజోల్ వేసుకుంటూ ఈ పరీక్ష చేయిస్తే ఉన్నా లేనట్టు రావచ్చు. రెండు వారాలు ఆపి చేయించాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరు చెబుతారు.

ఎండోస్కోపీ గురించి మీరు అడగలేదు గానీ నాలుగేళ్లుగా ఉంది కాబట్టి ఒకసారి చేయించుకోమనే అంటాను. నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం దించి కడుపు లోపల చూస్తారు, పది నిమిషాల పని. ఇవి కనబడితే మాత్రం ఆలోచించకుండా వెంటనే వెళ్లాలి: తారు లాగా నల్లగా జిగటగా విరేచనం, రక్తపు వాంతి, ముద్ద గొంతు దిగి రొమ్ములో ఆగిపోయినట్టు ఉండటం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఐరన్ మాత్రలు వేసుకుంటే కూడా విరేచనం నల్లగా అవుతుంది, అది జిగటగా ఉండదు, దానికి కంగారు పడకండి. కుడి డొక్కలో, నూనె వంట తిన్న రాత్రి నొప్పి వచ్చి వీపులోకి పాకితే అది పిత్తాశయంలో రాయి కావచ్చు. అల్ట్రాసౌండ్‌లో తెలిసిపోతుంది.

ఇక ఉబ్బరం సంగతి. దానికి పొద్దుటి రెండు టీలు, పదకొండు గంటల టిఫిన్, మీ వేళాపాళా లేని తిండి చాలావరకు కారణం. టీ మానమని అనను. తెల్లారి లేచి కుట్టుమిషన్ ముందు కూర్చునే మనిషికి టీ లేకపోతే రోజు మొదలు కాదు. లేవగానే మాత్ర, అరగంటకి రెండు ఇడ్లీలైనా, మజ్జిగ పోసుకున్న చద్దన్నమైనా, ఆ తర్వాత ఒకటే టీ. మంట పుట్టినప్పుడల్లా పాలు తాగే అలవాటు ఉంటే మానండి. అప్పటికి చల్లగా ఉన్నా కాసేపటికి ఆమ్లాన్ని అవి ఇంకా ఊరిస్తాయి.

పప్పు, వంకాయ, దుంపలు అన్నీ మానేశానని రాశారు. ఎవరు చెప్పారు? నీసు తినని మనిషి పప్పు కూడా మానేస్తే ఇక ఏం మిగిలింది? మాంసకృత్తుల కొరతతో కండరం పోతుంది, మోకాలి బరువు మోసేది ఆ కండరమే. ఒకరికి పడనిది ఇంకొకరికి హాయిగా అరుగుతుంది. మీ కొలతల పుస్తకంలో వెనక పేజీలు తీసుకోండి. పదిహేను రోజులు ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో, మంట ఎప్పుడొచ్చిందో రాయండి. జాకెట్ కొలత రాసినంత శ్రద్ధగా. మానేసినవి ఒక్కొక్కటిగా, మూడు రోజులకి ఒకటి చొప్పున మళ్లీ మొదలుపెట్టండి, పెసరపప్పుతో మొదలుపెట్టి. ఏది మూడుసార్లు తిన్నప్పుడు మూడుసార్లూ ఇబ్బంది పెట్టిందో దాన్ని మాత్రమే కొట్టేయండి. చాలామందికి చివర్లో మిగిలేవి రెండో మూడో: రాత్రిపూట ఆవకాయ, మిగిలిన నూనెలో వేయించిన బజ్జీలు, కొందరికి పాలు.

ఇక అత్తగారి వాము నీళ్లు. తాగండి. గోరువెచ్చగా, భోజనం అయ్యాక అర గ్లాసు. ఉబ్బరానికి హాయిగా ఉంటుంది, హాని లేదు, ఆవిడ మనసూ చల్లబడుతుంది. మాత్రలన్నీ ఒక్కసారే అవతల పారేయమన్న మాట మాత్రం వినకండి, ఎందుకో పైన చెప్పాను. మోకాళ్ల మాత్రల విషయంలో ఆవిడ మాటే నా మాట. కానీ ఆవిడకి ఒక్క సంగతి మీరు గట్టిగా చెప్పాలి. వంతెన నొప్పి విని ఆవిడ కొడుక్కి కూడా వాము నీళ్లు కలపడం మొదలుపెట్టి ఉంటారు. గ్లాసు పక్కన పెట్టించి, రేపు ఆటోలో ఆవిడనీ ఎక్కించుకోండి. మీ ఆయన మీ మాట విని కదలకపోయినా వాళ్లమ్మ మాటకి కదులుతారు.